షరాబు మొదలు టెల్లరు వఱకు

పరుల ధనమును ఒకని చేతి కప్పగించుటకు ముందు వానిని ఎట్లు పరీక్షింపవలెను? బ్యాంకులు పుట్టకమునుపే పుట్టిన ప్రశ్న యిది. బ్యాంకులో టెల్లరు పనికి దరఖాస్తు పెట్టు పల్లె యువకుడు తనకెదురగు పరీక్షలన్నియు నూతనములని తలచును గాని, వాని మూలములు మిక్కిలి ప్రాచీనములు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున అమాత్యులను శోధించుటకు ధర్మ, అర్థ, కామ, భయములను నాలుగు ఉపధలు చెప్పబడినవి. వానిలో అర్థోపధ మిగుల చిత్రమైనది. రాజు తన సేనాపతిని ఏదో నెపమున పదవినుండి తొలగించినట్లు నటించును. ఆ సేనాపతి గూఢచారుల మూలమున ఒక్కొక్క అమాత్యునకు ధనాశ చూపి, రాజును నాశము చేయుటకు తోడు రమ్మని ప్రేరేపించును. తక్కినవారెల్లరు అంగీకరించిరని కూడ నమ్మించును. అప్పుడు ధనమును త్రోసిపుచ్చినవాడే శుచి. రాబడి కూర్చు సమాహర్త పదవికిని, కోశము కాచు సన్నిధాత పదవికిని అట్టివాడే అర్హుడు. అయితే నిర్దోషి మనస్సును పరీక్ష పేరిట చెఱుపరాదని, ఒకమారు చెడిన బుద్ధి మరల కుదుటపడుట దుర్లభమని ఆ గ్రంథకర్తయే హెచ్చరించెను. తరువాతి పరీక్షకులలో పలువురు ఈ మాట చదివినట్లు కానరాదు.

కోశమునకు వచ్చు నాణెముల మంచిచెడ్డలు తేల్చుటకు రూపదర్శకుడను ఉద్యోగి వేఱుగ నుండెను. ఆ విద్యయే మన బజారులలో షరాబు పనియై నిలిచినది. షరాబు అను పదము అరబ్బీ నుండి మనకు దిగివచ్చినది. వరహాలు, పణములు, ఆర్కాటు రూపాయలు కలగలుపుగ చెల్లిన దినములలో షరాబు చూడనిదే బేరము తెగెడిది కాదు. రాతిపై మోగించి నాదము వినును, అంచు తడవి చూచును, తూచును. 1835లో కుంపిణీవారు 180 గ్రెయినుల తూకముగల రూపాయిని తమ ఏలుబడి యంతటికి ఒకే తీరున నిర్ణయించిన పిమ్మటనే ఈ చిక్కు సడలినది.

కలకత్తాలోని బెంగాలు బ్యాంకు వంటి పాత బ్యాంకులలో నగదు శాఖ ఖజాంచీ వశమున నుండెడిది. అతడు పెద్ద మొత్తమును హామీగ నుంచి, తన క్రింద డబ్బు లెక్కించువారి నడవడికి తానే పూచీ పడెడివాడు. కనుక వారిని ఏరుకొనుటయు అతని ఇష్టమే. నాడు పూచీయే పరీక్ష. ఎఱిగినవారు లేని పేద యింటి కుఱ్ఱవాడు ఎంత చురుకైనవాడైనను ఆ బల్ల వెనుకకు చేరుట కల్ల.

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 1969లో పదునాలుగు బ్యాంకులను, 1980లో ఆంధ్రా బ్యాంకు చేరిన మఱి ఆఱింటిని ప్రభుత్వము స్వాధీనము చేసికొనగా, శాఖలు పల్లెలకు విరివిగ వచ్చినవి. గుమాస్తాల అవసరమును పెరిగినది. 1978 నుండి నియామక మండలులు ఏర్పడి, వ్రాత పరీక్షయు పిదప ఇంటర్వ్యూయు నడపినవి.

ఈ ఇంటర్వ్యూయే పల్లె బిడ్డలకు గండమైనది. లెక్కలలో మొదటి వరుసన నిలిచినవాడు, బల్ల కావలి నలుగురైదుగురు పెద్దలు ఆంగ్లమున తండ్రి వృత్తి యేమని అడుగగనే తడబడెడివాడు. సాయంకాలము నగదు తక్కువ తేలిన నేమి చేయుదువని అడుగుట వాడుక. తప్పు తనదైనచో తానే పూరించి, వెంటనే పై అధికారికి తెలుపవలెనన్నది సమాధానము. జవాబు తెలిసియు మాట పెగలక వెనుదిరిగినవారెందరో! సిఫారసు చీటి లేనిదే పని కాదను అనుమానము ఊరూర వ్యాపించినది. అన్నిచోట్ల అది నిజము కాకపోవచ్చును. కాని తలుపు మూసి జరుపు పరీక్షకు అట్టి అపవాదు తప్పదు.

టెల్లరు పని సామాన్యమైనదియు కాదు. పూర్వము ఖాతాదారుడు ఇత్తడి బిళ్ళ పుచ్చుకొని కూర్చుండగా, చీటి ఒకరు లెడ్జరున ఎక్కించి, వేఱొకరు ఆమోదించి, మూడవవాడు డబ్బిచ్చెడివాడు. ఒకరి తప్పు మఱియొకరి కంట బడెడిది. టెల్లరు వచ్చిన పిదప, నియమిత మొత్తము వఱకు, లెక్కయు నగదును ఒక్క చేతిలో నిలిచినవి.

2011లో ప్రభుత్వ బ్యాంకులు పెక్కింటికి ఉమ్మడి వ్రాత పరీక్ష వచ్చినది. క్రింది తరగతి ఉద్యోగములకు ఇంటర్వ్యూ వలదని 2015 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిరి. 2016 నుండి గుమాస్తా నియామకములలో అది తొలగినది. పదమూడు ప్రాంతీయ భాషలలో ఈ పరీక్ష జరుపవలెనని 2021లో నిర్ణయమైనది. అందు తెలుగును కలదు. ఆంగ్ల భాషా విభాగము మాత్రము నిలిచియే యున్నది.

మౌఖిక పరీక్ష పూర్తిగ పోయినదనుకొనరాదు. దరఖాస్తు పెట్టిన రాష్ట్రపు భాషను చదువుట, వ్రాయుట, మాటలాడుట రావలెనను నియమము గలదు. బడిలో తెలుగు చదివిన ఆధారము చూపలేనివానిని స్టేట్ బ్యాంకు ఆ భాషలోనే పరీక్షించును. పింఛను పుస్తకము చేతబట్టి కిటికీ ముందు నిలిచిన ముసలవ్వ అడుగునది వానికి తెలియవలెను గదా!