ప్రతియుఁ బ్రతినిధియు: తాటియాకు మొదలు కంప్యూటరు వఱకు

మన పండితగృహములఁ గంప్యూటరు ప్రవేశించి యించుమించు పాతికయేండ్లయినది. తాళపత్రములను బరిశీలించి పాఠభేదములను సేకరించువారు నేఁడు వానిని దానియందే చేర్చుచున్నారు. ఇట్లు చేర్చినదానికి రెండవ ప్రతిని ఏ వస్తువునందుంచవలెనను ప్రశ్న పలువురకుఁ గలుగుచున్నది. గట్టి వస్తువు దొరకినఁ జాలునని సామాన్యముగాఁ దలంతురు. ఈ తలంపు చరిత్రకు సరిపడదని నా యభిప్రాయము.

మొదట ‘ప్రతి’ శబ్దమును విచారింతము. పాణినిమహర్షి యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున దీనికిఁ బ్రతినిధి, ప్రతిదానము అను రెండర్థములయందుఁ గర్మప్రవచనీయసంజ్ఞను విధించెను. తెలుఁగున మూలమును జూచి వ్రాసికొన్న గ్రంథమును ‘ప్రతి’ యందుము. మూలము లేనప్పుడు దాని స్థానమున నిలువఁగలిగినదే ప్రతినిధి. మూలముతోఁబాటు నశించునది పేరునకుఁ బ్రతియేకాని ప్రతినిధి కానేరదు. ఈ భేదమే యీ విచారమునకుఁ బునాది.

వేదమును రక్షించిన పూర్వు లే వస్తువును నమ్మియుండలేదు. పదము, క్రమము, జట, ఘనము అని యొక్క సంహితనే పలుతెఱఁగులఁ బఠించిరి. జటయందు రెండు పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకుఁ జెప్పుటచే నొక్క యక్షరము తప్పినను వెంటనే బయటపడును. అధ్యేతలు పలుదేశములం దుండుటచే నొకచోటి నష్టము సర్వనష్టము కాలేదు.

తాటియాకు శతాబ్దములు నిలుచునుగాని చెదలు, తేమ, నిప్పు దానికి శత్రువులు. కావున శిథిలమగు పుస్తకమును జూచి క్రొత్త యాకులపై గంటముతో వ్రాయుట పరంపరగా వచ్చెను. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిరేకులపైఁ జెక్కఁబడి తిరుమల దేవాలయమున భద్రపఱుపఁబడినవి. రాగి చెదలకు లొంగదు. ఐనను అన్నమాచార్యులు రచించెనని ప్రతీతిగల ముప్పదిరెండువేల సంకీర్తనములలో సగమైనను నేఁడు లభింపవు. రేకే కానరానప్పుడు దాని గట్టితన మేమి చేయఁగలదు? 1817లో మదరాసునకు వచ్చిన సి.పి. బ్రౌను కడపయందుఁ బండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకుఁ బెక్కు ప్రతులను దెప్పించి, సరిచూపించి, కాగితముపై వ్రాయించెను. కాగితము రాగికంటె దుర్బలమే. పలుతావుల ప్రతులు కూడి సరిచూడఁబడుట యచటి బలము.

కంప్యూటరునకు సంబంధించిన వస్తువుల చరిత్ర స్వల్పకాలికము. మార్పు మాత్ర మతివేగము. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి హార్డుడిస్కు యంత్రమున రెండడుగుల వెడల్పుగల ఫలకము లేఁబది యుండెను. వానియందుఁ బట్టినవి యేఁబదిలక్షల యక్షరములు. 1971లో ఫ్లాపీయు, 1982లో సీడీయు విపణికి వచ్చెను. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల విక్రయమును మానెను. ఇంటఁ జెక్కుకొను సీడీయందు లేజరు కిరణము రంగుపూఁతపై గుఱుతు లుంచును. ఎండయు వేఁడియు నా పూఁతను జెఱచును. హార్డుడిస్కున దిరుగు భాగము లరుగును. పెన్‌డ్రైవునందు నిలువఁబడిన విద్యుత్తు కాలక్రమమునఁ జాఱిపోవును. నిర్దోషమైన వస్తు వొక్కటియు లేదు.

వస్తువు చెడకున్నను జదువు సాధనము పోవచ్చును. ఇంగ్లండునందు 1086లో విలియము రాజు చేయించిన భూమిలెక్కల గ్రంథము డూమ్స్‌డే చర్మపత్రములపై నేఁటికిని జదువఁబడుచున్నది. దాని తొమ్మిదినూఱవ వత్సరోత్సవమునకై 1986లో బీబీసీవారు క్రొత్త వివరములను లేజరుడిస్కులపైఁ జేర్చిరి. పదునైదేండ్లకే యా డిస్కులను జదువు యంత్రములు దుర్లభములయ్యెను. పిదప శోధకులు ప్రాఁతయంత్రపు వర్తనమును గ్రొత్త కంప్యూటరున ననుకరింపఁజేసి వానిని జదువఁగలిగిరి. లిపి నెఱిఁగినవాఁడు లేని శాసనమునకును, యంత్రము లేని డిస్కునకును భేదము లేదు.

నా యనుభవమును జెప్పుట యిచట నప్రస్తుతము కాదు. 2006లో నొక గ్రామమందలి వ్యాకరణవ్యాఖ్యయొక్క తాళపత్రమునుండి పాఠభేదములను జేర్చి రెండు సీడీలపై నుంచితిని. రెండును నొకేనాఁడు చేసినవి, ఒకే బీరువాలోనివి. 2018లోఁ జూడఁబోఁగా రెండును జదువఁబడవయ్యెను. మూలపత్రము లంతకుమున్నే చెదలపాలయ్యెను. నా శిష్యుఁడు నోటుపుస్తకమున వ్రాసికొన్న మొదటి రెండుపాదముల పాఠములు దక్కినవి. తక్కినవి మఱి రావు. పండ్రెండేండ్లు వానిని దెఱచి చూడకుండుట నా దోషము.

కావున నిట్లు చేయుట యుచితమని తోఁచుచున్నది. కంప్యూటరునందలి మూలముతోఁ గూడి ప్రతులు మూఁడుండవలెను. రెండు భిన్నవస్తువులపై నుండవలెను. ఒకటి వేఱొక యూరనో, అంతర్జాలపు భాండాగారముననో యుండవలెను. నేఁడు గృహస్థునకు బయటి హార్డుడిస్కు సులభసాధనము. అది సదా కంప్యూటరునకుఁ దగిలించి యుండరాదు. వ్రాఁత 1991నుండి తెలుఁగునకుఁ జోటిచ్చిన యూనికోడునం దుండిన, నక్షరరూప మొక్క సంస్థకు లోఁబడదు. ఏఁటేఁట నొకమాఱు తెఱచి సరిచూడవలెను. డిస్కు చెడకమునుపే క్రొత్తదానిపై నెక్కింపవలెను.

తాటియాకును దిరిగి వ్రాసిన లేఖకుఁడును, జటను వల్లించిన వటువును జేసినది యిదియే. వస్తువు మాఱినను ధర్మము మాఱలేదు. పాఠభేదములను గంప్యూటరునఁ జేర్చిన విజ్ఞులు తమ ప్రతులను నేఁడే యొకమాఱు తెఱచి చూతురుగాక యని ప్రార్థించుచున్నాను.