మానవ మూలకణాల్లో జన్యుమార్పులు - రాయవేలూరు జన్యుచికిత్స: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మూలకణం మనుగడకు తోడ్పడే జన్యుమార్పు మనిషి ప్రాణానికి ముప్పు కావచ్చు. పారిస్‌లో వెల్లడైన ఈ సత్యం వెలుగులో రాయవేలూరు హీమోఫీలియా చికిత్సను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూలకణాలు, ఉత్పరివర్తనం, జన్యుచికిత్స, హీమోఫీలియా, రాయవేలూరు.

1. ఉపోద్ఘాతం:
1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేంతవరకు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. రాష్ట్రాలు వేరైనా చిత్తూరు ప్రాంత రోగులు నేటికీ వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నారు. అక్కడ జరిగిన మూలకణ చికిత్స ప్రాముఖ్యం తెలియాలంటే మూలకణాల్లో జన్యుమార్పుల చరిత్రను గమనించాలి.

2. ప్రయోగశాలలో మార్పులు:
1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను తొలిసారి వేరుచేసి పెంచింది. ఇవి దీర్ఘకాలం విభజన చెందేటప్పుడు కొన్నింటిలో ఉత్పరివర్తనాలు తలెత్తుతాయి. 125 పిండ మూలకణ శ్రేణులను పరీక్షించిన 2011 నాటి అంతర్జాతీయ అధ్యయనం, 20 శాతానికి మించిన శ్రేణుల్లో 20వ క్రోమోజోములోని ఒక చిన్న భాగానికి అదనపు ప్రతులు ఉన్నట్లు గుర్తించింది. ఆ భాగంలోని బి.సి.ఎల్.2.ఎల్.1 జన్యువు కణమరణాన్ని అడ్డుకుంటుంది. అందువల్ల అటువంటి కణాలే క్రమంగా మిగిలినవాటిని మించిపోతాయి.

3. పారిస్ అనుభవం:
పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లోపించిన శిశువులకు 1999లో పారిస్‌లో అలెన్ ఫిషర్ బృందం జన్యుచికిత్స ప్రారంభించింది. వారి మజ్జ మూలకణాల్లోకి రెట్రోవైరస్ ద్వారా సరైన జన్యువును చేర్చారు. పిల్లలు కోలుకున్నారు. అయితే తర్వాతి కాలంలో నలుగురికి రక్తక్యాన్సర్ సోకింది, ఒకరు మరణించారు. వైరస్ వెళ్లి ఎల్.ఎం.ఓ.2 వంటి జన్యువుల సమీపంలో చేరి, వాటిని అదుపులేకుండా ప్రేరేపించడమే ఇందుకు కారణం. ప్రయోగశాల పాత్రలో కనిపించిన ధోరణే ఇక్కడ శిశువుల దేహంలో కనిపించింది: వేగంగా పెరిగే కణానిదే పైచేయి అయింది.

4. రాయవేలూరు చికిత్స:
అలోక్ శ్రీవాస్తవ బృందం తీవ్ర హీమోఫీలియా-ఎ ఉన్న ఐదుగురి రక్త మూలకణాలను సేకరించి, లెంటివైరస్ వాహకంతో ఎనిమిదవ రక్తస్కందన కారకపు జన్యువును చేర్చి, తిరిగి వారికే ఎక్కించింది. ఇటువంటి వాహకంలోని వైరస్ ప్రేరక భాగం కణంలో చేరాక నిష్క్రియమవుతుంది. కనుక పొరుగు జన్యువులు ప్రేరేపితమయ్యే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా తొలగిపోదు. పరిశీలన కాలంలో ఐదుగురిలోనూ రక్తస్రావపు రేటు సున్నాగా నమోదైనట్లు 2024 డిసెంబరులో ఫలితాలు వెలువడ్డాయి.

5. ముగింపు:
పారిస్‌లో తొలి క్యాన్సర్ కేసులు చికిత్స జరిగిన సుమారు మూడేళ్లకు బయటపడ్డాయి. కాబట్టి రక్తస్రావం ఆగడంతోనే వేలూరు చికిత్స చరిత్ర ముగియదు. ఆ ఐదుగురి దేహాల్లో ఏ ఒక్క కణవంశమూ తక్కినవాటిని మించి పెరగడం లేదని ఏళ్ల తరబడి పరీక్షించి నిర్ధారించినప్పుడే ఈ చికిత్స భద్రత రుజువవుతుంది.