బొల్లారం విడిది: గోడలు, గాలి, యంత్రము

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతముల కర్మాగారములలో పనిచేయు మిత్రులు అనేకులకు స్వగ్రామములలో తాతలనాటి ఇండ్లు కలవు. దసరాకో, సంక్రాంతికో తలుపులు తెరచి, నాలుగు దినములుండి, మరల తాళము వేయుదురు. "ఈ పాత ఇంటిలో ఎండకు, చలికి ఏమి ఏర్పాటు చేయవలెను?" అని వారు అడుగుచుండగా మేము పలుమారులు వింటిమి. ప్రశ్న క్రొత్తది కాదు. ఇదే దక్కను పీఠభూమిపై, సికింద్రాబాదునకు ఉత్తరమున బొల్లారములో ఒక విడిది గృహము నూట అరువది ఏండ్లకు పైగా ఈ ప్రశ్నను ఎదుర్కొనుచున్నది.

1860లో కట్టిన ఆ భవనము బ్రిటిషు రెసిడెంటు యొక్క ఊరివెలుపలి నివాసము. ఆయనకు కోఠీలో గొప్ప రెసిడెన్సీ ఉండెను. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వమున దానిపై దాడి జరిగెను. అటుపిమ్మట మూడేండ్లకు, సైనికుల దండు నెలకొన్న బొల్లారమున ఈ ఇల్లు లేచెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట ఇది రాష్ట్రపతి నిలయమైనది. సుమారు 90 ఎకరముల ఆవరణ, ఒకే అంతస్తు, పదునొకండు గదులు. రాష్ట్రపతి ఏటేట, సాధారణముగ శీతకాలమున, కొలది దినములు ఇచట విడియుట సంప్రదాయము.

మన ప్రాంతమున మే నెల మధ్యాహ్నము ఎండ ఇంచుమించు 40 డిగ్రీలకు చేరును. రాత్రి అది ఇరువదియారు ప్రాంతమునకు దిగును. ఆనాటి గృహనిర్మాతలు ఈ తేడానే నమ్ముకొనిరి. మందపు గోడ పగటి వేడిని మెల్లగా త్రాగి, లోపలికి చేరనిచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకును. పగలు కిటికీలు మూసి, రాత్రి తెరచినచో గోడలు మరల చల్లబడును. ఎత్తైన కప్పు క్రింద వేడిగాలి పైకి పోవును. పైనున్న గవాక్షము దానిని వెలుపలికి పంపును. బొల్లారము భవనమున వంటశాల విడిగా ఉండి, భోజనశాలకు సొరంగమార్గముచే కలుపబడియున్నది. పొయ్యి వేడి, పొగ ఇంటిని తాకకుండుటకు ఇంతకంటె మంచి ఉపాయము అరుదు.

అయినను గోడలు మాత్రమే చాలలేదు. ఆ కాలపు దొరల ఇండ్లలో కప్పునుండి గుడ్డపంకా వ్రేలాడుచుండెను. దాని త్రాడు గోడ రంధ్రముగుండ వసారాలోనికి పోవును. అచట ఒక మనిషి పగలనక రేయనక దానిని లాగుచుండవలెను. గుమ్మములకు వట్టివేళ్ళ తడకలు కట్టి, వాటిపై నీరు చల్లుచుండెడివారు. నీరు ఆవిరియగుటకు వలయు వేడిని గాలినుండియే గ్రహించును గనుక లోనికి చల్లనిగాలి వచ్చును. మన మట్టికూజా ధర్మము ఇదియే. అమెరికానుండి ఓడలలో మంచుగడ్డలు 1833లో కలకత్తాకు వచ్చినవి. 1842లో మదరాసు సముద్రతీరమున వాటిని దాచుటకు ప్రత్యేకముగ ఒక కట్టడమే లేచెను. దొర అనుభవించిన చల్లదనము వెనుక పంకా లాగువాని భుజము, నీరు మోయు భిస్తీ వీపు ఉన్నవి. భవనములకు కట్టించినవారి పేర్లు మిగిలినవి. ఈ పనివారి పేర్లు మిగులలేదు.

1920లో హుస్సేన్‌సాగరపు ఒడ్డున విద్యుత్కేంద్రము వెలసెను. విద్యుత్తు చేరిన ఇంట క్రమముగ విసనకఱ్ఱ పంకా అయినది, పంకా లాగువాని త్రాడు తెగినది. ఆ మార్పును మేము మేలుగనే ఎంచుచున్నాము. మనిషి మోసిన బరువును యంత్రము మోయుటలో తప్పేమి?

తప్పు వేరొకచోట జరుగుచున్నది. పాత ఇంటికి శీతలయంత్రము తెచ్చినవారు మొదట గవాక్షములు పూడ్చుదురు. సున్నపు గోడపై సిమెంటు పూయుదురు. సున్నము తేమను వెలికి పోనిచ్చును. సిమెంటు దానిని గోడలోనే బంధించును. ఏడాదిలో పదునొకండు నెలలు మూసియుండు ఇంటికి ఇది మరింత కీడు. కనుక ముందు కప్పును చూడవలెను. ఎండ అధికముగ తగులునది అచటనే. వాన కారకుండ చేసి, తెల్లని సున్నము పూసినచో సగము పని తీరును. తరువాత పాత విద్యుత్తీగలు మార్చవలెను. పొడిగాలి వీచు వేసవిలో నీటికూలరు చక్కగ పనిచేయును. వానకాలపు తడిగాలిలో అది పనికిరాదు. శీతలయంత్రము తప్పనిసరియైనచో ఒక్క గదికి పెట్టుకొనిన చాలును. చలికాలమున మాత్రము మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. కంటికి కనబడని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును.

2023 మార్చి 22న, ఉగాదినాడు, బొల్లారము నిలయము సామాన్య ప్రజలకు ఏడాది పొడుగున దర్శనీయమైనది. వంటశాల సొరంగమున ఇప్పుడు చేర్యాల చిత్రములున్నవి. శీతకాలపు అతిథికై కాచుకొనిన ఇల్లు ఇక వేసవిలోను జనమును ఆదరింపవలెను. మీరు అచటికి పోయినప్పుడు కొంతసేపు వసారాలో నిలిచి చూడుడు. యంత్రము కొనుటకు ముందు మీ ఇంటి గాలి ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో కనుగొనుటకు అది మంచి పాఠము.