గళ్ళకాగితమునుండి గణకయంత్రమువఱకు

తాపీనది ఒడ్డున, సూరతు నగరమునకు సమీపమున కామ్‌రేజ్ కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి ‘పెరిప్లస్’ అను గ్రీకు నౌకాయాన గ్రంథమున, భరుకచ్ఛపు రేవునకు పోవు దారిలో పేర్కొనబడిన ‘కమ్మోని’ గ్రామము ఇదియేయని కొందఱు పరిశోధకుల అభిప్రాయము. మన మసాలియా తీరమున, అనగా మచిలీపట్టణ ప్రాంతమున, సన్నని వస్త్రములు విస్తారముగా తయారగుచుండెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఒకే పుస్తకమున చోటుచేసికొన్న ఈ రెండు సీమలను ఇరువదవ శతాబ్దిలో బట్టయే మరల కలిపినది. చేతిమగ్గము కూడు పెట్టలేకపోగా తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు అనేకము సూరతు మరమగ్గములకు వలసపోయినవి. వారి బిడ్డలకై అచటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపినది.

నేడు సూరతు సీమలో ఎన్నో చీరలకు పుట్టినిల్లు గణకయంత్రపు తెర. సాఫ్ట్‌వేరుతో గీసిన పువ్వు, లత, అంచు డిజిటల్ అచ్చుయంత్రము ద్వారా బట్టకెక్కుచున్నవి. పోచంపల్లి చిటికి పనిని పోలిన అచ్చుచీరలు అంగళ్ళలో అగ్గువకు దొరకుచున్నవి. కావున తెరపై గీసినది కళయా, కాదా అను ప్రశ్న చిత్రకారుల గోష్ఠులకు పరిమితమైనది కాదు. నేతగాని అన్నముతో ముడిపడినది.

చేతిది కళ, యంత్రముది సరకు అని తీర్పు చెప్పుట సులభము. చరిత్ర ఆ తీర్పును సమర్థింపదు. పోచంపల్లి కళాకారుడు మొదట గళ్ళకాగితముపై నమూనా గీయును. ఒక్కొక్క గడికి ఇన్ని పోగులని లెక్కవేయును. ఆపైననే ఆసుపోయుట, కట్టుట, అద్దుట, నేయుట. గడిగడికి రంగు నిర్ణయించు ఆ లెక్కయే నేటి తెరమీది లెక్క. ఒక్క చీరకు ఆసుపోయుటకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. తల్లి భుజపు నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసుయంత్రము నిర్మించెను; 2017లో పద్మశ్రీ పొందెను. ఆ యంత్రముపై ఆసుపోసిన చీర కళ కాకపోయెనని అనగలవా రెవరు?

అసలు గణకయంత్రమే మగ్గమునకు ఋణపడినది. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జకార్డు తన మగ్గమునకు రంధ్రముల అట్టలు అమర్చెను. బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆ అట్టలనే ఎన్నుకొనెను. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రపు పనిని జకార్డు మగ్గపు నేతతోనే పోల్చెను.

1966లో అమెరికాలో మైకేల్ నోల్ ఒక పరీక్షను ప్రకటించెను. మాండ్రియాన్ 1917లో గీసిన గీతల చిత్రమును, గణకయంత్రముచే గీయించిన అట్టి చిత్రమును నూఱుమందికి చూపగా, యంత్రముది ఏదో సరిగా గుర్తించినవారు 28 మంది మాత్రమే. యంత్రచిత్రమునే మెచ్చినవారు 59 మంది. అనగా కంటికి పనిముట్టు కనబడదు. అయినను ఆ యంత్రమునకు నియమము నేర్పినవాడు నోల్. ఆ నియమమునకు మాతృక మాండ్రియాన్. యంత్రము వెనుక ఇద్దఱు మనుష్యుల ఎన్నిక కలదు.

ఇచ్చట రెండు ప్రశ్నలను వేఱుచేయవలెను. 1985నాటి చేనేత శాసనము కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గమునకే కేటాయించినది. 2005లో పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇవి బ్రతుకునకు, పేరునకు రక్షణలు. కళకు నిర్వచనములు కావు. తెరముందు కూర్చుండి క్రొత్త కూర్పు నూహించి, పది రేఖలలో తొమ్మిదింటిని త్రోసిపుచ్చి ఒకదానిని నిలుపుకొన్నవాడు కళాకారుడే. పరుల నమూనాను ఎత్తివ్రాసి, అచ్చుబట్టను పోచంపల్లి నేతయని అమ్మువాడు చేతితో గీసినను కళాకారుడు కాడు. సాఫ్ట్‌వేరును నిందించినచో ఈ రెండవవాడు తప్పించుకొనును, మొదటివాడు దండింపబడును. వలసపోయిన నేతగానికి మాత్రము న్యాయము జరుగదు. తన ఊరి నమూనా ఏ యంత్రముమీద అచ్చైనను, దానిని కూర్చినవారి పేరు దానితో నిలిచినప్పుడే అతనికి న్యాయము.