చతురంగ సంకలిత పద్యం: ఇరవై అంకెల సంఖ్య - పాఠనిర్ణయం

ఉపోద్ఘాతం

చదరంగపు బల్లపై మొదటి గడిలో 1, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4 చొప్పున రెట్టిస్తూ పోతే 64 గడుల మొత్తం 18446744073709551615 అవుతుంది. తెలుగులో ఈ సంఖ్యను చెప్పే చంపకమాల పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధం. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన కవి మల్లన. ఇరవై అంకెలలో ఏ ఒక్కటి మారినా లెక్క తప్పుతుంది. కాబట్టి ఈ పద్యపాఠాన్ని నిర్ణయించడంలో ఛందస్సు ఎంతవరకు తోడ్పడుతుందో, గణితం ఎక్కడ అవసరమవుతుందో పరిశీలించాలి.

ఛందస్సు చేసే రక్షణ

పద్యంలో అంకెలకు బదులు భూతసంఖ్యలున్నాయి. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు వీటిని పేర్చుకోవాలి. శర, సాయక శబ్దాలు 5ను, నగ, భూధర, గిరి శబ్దాలు 7ను, వియత్తు, గగనం సున్నాను సూచిస్తాయి. పర్యాయపదాలలో దేనిని ఎక్కడ వాడాలో ఛందస్సు నిర్ణయిస్తుంది. ప్రాసాక్షరం రేఫ కావడంవల్ల పద్యాదిని ‘శర’ ఉండవలసిన చోట ‘బాణ’ కుదరదు. పక్కపక్కనే వచ్చే రెండు 5లలో రెండవది 11వ అక్షరమైన యతిస్థానంలో పడింది. అక్కడ ‘సాయక’ శబ్దం శకారంతో యతి కూర్చింది.

అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. రెండవ పాదంలోని ‘గిరి’కి బదులు లేఖకుడు ‘శశి’ అని రాస్తే గణాలు చెడవు, యతిప్రాసలూ చెడవు. కానీ 7 కాస్తా 1 అవుతుంది. మొత్తంలో 6 పక్కన 14 సున్నాలంత తగ్గిపోతుంది.

సంఖ్యాస్వభావం

ఈ లోపాన్ని గణితం పట్టిస్తుంది. ఈ సంఖ్య 64 రెండ్ల లబ్ధం కంటె ఒకటి తక్కువ. ఇలాంటి సంఖ్యలను 17వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు మెర్సెన్ పేరుతో వ్యవహరిస్తారు. 64 సంయుక్తసంఖ్య కాబట్టి ఇది ప్రధానసంఖ్య కాజాలదు. దీని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641, 6700417ల లబ్ధం 4294967297. ఫెర్మా దీనిని ప్రధానసంఖ్యగా భావించగా, అది 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపాడు.

పద్యంలోని అంకెల మొత్తం 87. అది 3తో భాగింపబడుతుంది. చివరి అంకె 5. ఈ రెండు పరీక్షలూ అవసరమే కాని చాలవు. పైన చెప్పిన ‘శశి’ పాఠంలో మొత్తం 81 అవుతుంది. అదీ 3తో భాగింపబడుతుంది. అందువల్ల తుదినిర్ణయం 64 గడుల లెక్కను పూర్తిగా వేసి చూసుకోవడం వల్లనే సాధ్యం.

ముగింపు

సాధారణ కావ్యంలో రెండు పాఠాలూ ఛందోబద్ధాలైతే పరిష్కర్త అర్థౌచిత్యాన్ని ఆశ్రయిస్తాడు. అక్కడ అభిప్రాయభేదానికి తావుంది. ఈ పద్యంలో ఆ తావు లేదు. శాస్త్రగ్రంథ పరిష్కరణలో లక్షణజ్ఞానంతోపాటు ఆ శాస్త్రజ్ఞానమూ పరిష్కర్తకు అనివార్యమని ఈ చంపకమాల నిరూపిస్తున్నది.