బడిలో ఒడంబడిక ఎవరితో?

రాజు దేవుడి ప్రతినిధి, అతణ్ణి ప్రశ్నించకూడదు అనే మాట ఐరోపాలో 17, 18 శతాబ్దాల్లో బలహీనపడింది. మనుషులు తమలో తాము ఒప్పుకుని అధికారాన్ని ఏర్పరచుకున్నారని కొందరు ఆలోచనాపరులు వాదించారు. దీన్నే సామాజిక ఒడంబడిక అంటాం. ఉపాధ్యాయ శిక్షణలో మనలో చాలామందిమి రూసో పేరు బట్టీ పట్టినవాళ్లమే. ఆ ఒడంబడికను మనం పనిచేసే బడికి పెట్టి చూడమని మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇంగ్లండులో అంతర్యుద్ధ కాలాన్ని చూసిన హాబ్స్ 1651లో 'లెవియతాన్' రాశాడు. ప్రాణభయం పోవడానికి జనం తమ హక్కుల్ని ఒక పాలకుడికి అప్పగిస్తారన్నాడు. పాలకుడు మాత్రం ఆ ఒప్పందంలో చేరడు, కాబట్టి మాట తప్పాడని అతణ్ణి ఎవరూ నిలదీయలేరు. బెత్తం పట్టుకున్న పాతకాలపు పెద్దసారును తలచుకుంటే హాబ్స్ మనకు ఇట్టే అర్థమవుతాడు.

పాలకుడు జనం ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ కాపాడకపోతే దించేయవచ్చన్నాడు లాక్. పిల్లలు పుట్టగానే పెద్దలతో సమానులు కారు గానీ ఆ సమానత్వానికి చేరవలసినవాళ్లేననీ, వాళ్లు ఎదిగేకొద్దీ తల్లిదండ్రుల అధికారం సడలాలనీ చెప్పాడు. మంచి మాటే. కానీ అమెరికా ఆదివాసుల నేలను దున్నని బీడుగా లెక్కగట్టిందీ ఈయనే. కరోలినా వలస యజమానుల దగ్గర కార్యదర్శిగా పనిచేసిందీ ఈయనే. అది మరచి లాక్‌ను చదవడం మనకు కుదరదు.

రూసో 1762లో 'సామాజిక ఒడంబడిక', 'ఎమిల్' రెండూ అచ్చువేశాడు. చట్టానికి లోబడేవాళ్లే దాన్ని చేసుకోవాలని మొదటి పుస్తకం అంటుంది. రెండోదానిలో ఎమిల్ అనే పిల్లవాడు తన ఇష్టప్రకారం నడుస్తున్నాననుకుంటాడు, జరిగేదంతా గురువు అనుకున్నదే. పౌరుడికి ఇచ్చిన మాటను రూసో పిల్లవాడికి ఇవ్వలేదు. ఎమిల్‌కు భార్య కావలసిన సోఫీకైతే ఆ పాటి చదువు కూడా దక్కలేదు.

ఆ మాటను పిల్లలకు ఇచ్చి చూపినవాడు పోలండు వైద్యుడు యానుష్ కోర్చాక్. 1912లో వార్సాలో మొదలైన యూదు అనాథ పిల్లల ఇంటికి ఆయన పెద్ద. అక్కడ పిల్లలే నడిపే న్యాయస్థానం ఉండేది. ఆ వారం తమ మీద ఫిర్యాదు లేని పిల్లల్లోంచి చీటీలు వేసి న్యాయమూర్తుల్ని ఎంచేవారు. పిల్లలు పెద్దల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. శిక్షాస్మృతిలో మొదటి 99 సెక్షన్లూ ఏదో ఒక రకంగా క్షమించేవే. ఆరు నెలల్లో కోర్చాక్ తన మీద తానే ఐదుసార్లు కేసు పెట్టుకున్నాడు. ఒక పిల్లవాడి చెవి మీద కొట్టినందుకు ఒకటి, ఒక అమ్మాయి దొంగిలించిందని అనుమానించినందుకు ఇంకొకటి. హాబ్స్ పాలకుడు చేయని పని ఇదే. 1942 ఆగస్టులో నాజీలు సుమారు 200 మంది పిల్లల్ని ట్రెబ్లింకాకు తరలించినప్పుడు ఆయన వాళ్లను వదలలేదు, వెంట వెళ్లి అక్కడే చనిపోయాడు.

గూడెంలో పెద్దలు కూర్చుని తగవు తేల్చడం మనకు పాత అలవాటు. అందులో ఆడవాళ్ల మాట, పిల్లల మాట ఎంత విన్నామన్నది మనం వేసుకోవలసిన ప్రశ్నే. 2009 విద్యాహక్కు చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. బడి యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతుల మంది, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక వాళ్లే తయారుచేయాలి, వచ్చిన డబ్బు ఖర్చును వాళ్లే చూడాలి. పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 17వ సెక్షన్ నిషేధించింది. టీచరు కూడా ఒప్పందానికి లోబడి ఉండాలన్నమాట.

కాగితం మీద ఇంత ఉన్నా, కొన్నిచోట్ల తీర్మానం ముందే రాసి ఉంటుంది, వేలిముద్ర తర్వాత పడుతుంది. తెలుగులో రాసినదాన్ని గోండిలోనో కొలామీలోనో కువిలోనో చదివి వినిపించకుండా తీసుకున్న సంతకాన్ని లాక్ కూడా సమ్మతి అనడు. ఆశ్రమ పాఠశాలలో పిల్లవాణ్ణి గేటు దగ్గర వదిలి వెళ్లిన తండ్రి ఏయే విషయాలకు ఒప్పుకుని వెళ్లాడో మనం ఎప్పుడైనా అడిగామా? అన్నం ఉడికిందా, బాత్‌రూములో నీళ్లు వస్తున్నాయా, మన పండుగకు ఇంటికి ఎప్పుడు పంపాలి అన్నవి అక్కడ ఉండే పిల్లలకే బాగా తెలుసు. నెలకోసారి వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల భాషలోనే అడిగి, చెప్పినదాన్ని కమిటీ రిజిస్టరులో రాయడానికి ఏ జీవో అక్కర్లేదు.