తెర మనది, ఇఖ్తియార్ ఎవరిది?

ఫోన్ తెరవగానే మనం అడగనివన్నీ కళ్ల ముందు వరసకడతాయి. ఏది ముందు కనబడాలన్న ఫైసలా మనది కాదు, కంపెనీది. మొదట్నుంచీ ఇంతే అనుకుంటాం. గలత్. ఒక జమానాలో ఆ ఇఖ్తియార్ చదివేవాళ్ల చేతిలోనే ఉండేది.

ఫేస్‌బుక్ పుట్టకముందు యూజ్‌నెట్ అనే పెద్ద మెహఫిల్ ఉండేది. ఎక్కడెక్కడి జనమో కంప్యూటర్ల మీద రాతలతో బహస్ చేసుకునేవాళ్లు. ఆ రాతలు చదవడానికి 1984లో లారీ వాల్ 'ఆర్ఎన్' అనే ప్రోగ్రామ్ రాశాడు. అందులో 'కిల్ ఫైల్' ఉండేది. ఫలానా మాట కనబడితే దాటెయ్ అని ఒక్క లైను హుకుం రాసిపెట్టుకుంటే చాలు, ఆ రాతలు మన కంటపడవు. రాసేవాడి నోరు ఎవరూ మూయలేదు, చదివేవాడి హక్ కూడా పోలేదు.

తర్వాత వెబ్ జమానా వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం ఆరన్ బూడ్‌మన్ 2004 ఆఖర్లో 'గ్రీజ్‌మంకీ' మొదలుపెట్టాడు. సైటు పంపిన పేజీ మన బ్రౌజర్‌లోకి దిగాక, మనం పెట్టుకున్న చిన్న స్క్రిప్టు దాన్ని మార్చేస్తుంది. అక్కర్లేని డబ్బా దాస్తుంది, కావాల్సిన బటన్ పెడుతుంది. దీనికి సైటు మాలిక్ ఇజాజత్ అక్కర్లేదు. మార్పు జరిగేది అతని సర్వర్‌లో కాదు, మన కంప్యూటర్‌లో.

2006లో ట్విట్టర్ ఇంకో దర్వాజా తెరిచింది. దాని పేరు ఏపీఐ. దాంతో బయటివాళ్లు కూడా ట్విట్టర్ కోసం తమ యాప్‌లు చేసుకోగలిగారు. ట్విట్టరిఫిక్, ట్వీట్‌బాట్ అలా వచ్చినవే. 2023 జనవరిలో, ముందుమాట కూడా లేకుండా, కంపెనీ ఆ దర్వాజా మూసేసింది. ఏళ్ల మెహనత్ రాత్రికి రాత్రి ఆగిపోయింది.

స్క్రిప్టుల దారీ పూర్తిగా బేఫికర్ కాదు. లూయిస్ బార్క్లే అనే బ్రిటన్ కుర్రాడు, ఫేస్‌బుక్‌లో అందరినీ ఒక్క నొక్కుతో అన్‌ఫాలో చేసే పనిముట్టు తయారుచేశాడు. దోస్తీలు అలాగే ఉంటాయి, ఫీడ్ మాత్రం ఖాళీ అవుతుంది. 2021లో కంపెనీ లాయర్ల నుంచి అతనికి నోటీసు వచ్చింది, ఖాతా కూడా పోయింది.

ఈ తారీఖ్ చెప్పే సబక్ ఒకటే. కంపెనీ తెరిచిన దర్వాజా మెహర్బానీ, అది ఎప్పుడైనా మూతపడుతుంది. మన బ్రౌజర్‌లో మనం చేసుకునే మార్పు మన హక్, దాన్ని లాక్కోవడం అంత ఆసాన్ కాదు. యాప్‌లో ఆ వీలు లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే ఇప్పటికీ ఉంది. ఒక్క ఖబర్దార్: ముక్కూమొహం తెలియనివాళ్ల స్క్రిప్టు పెట్టుకోవద్దు. పేజీని మార్చగలిగేది, పేజీలో ఉన్నదంతా చదవగలదు కూడా. ఇంటి తాళంచెవి ఎవరి చేతికిస్తున్నామో చూసుకునే ఇవ్వాలి కదా!